చెప్పినవాడికి ఎట్లా తెలుసు?

2020 ఏప్రిల్ మొదటి వారం, లాక్‌డౌన్ రోజులు. మన పలమనేరు పక్కనే, బైరెడ్డిపల్లె మండలంలోని ఒక పల్లెలో రెండు కుటుంబాల వాళ్ళు ఉమ్మెత్త గింజల రసం తాగారు. అది తాగితే కరోనా దగ్గరికి రాదని టిక్‌టాక్‌లో ఒక వీడియో తిరిగింది. పదిమంది దాకా ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. సమయానికి వైద్యం అంది బయటపడ్డారు.

"అంత మాత్రం తెలీదా?" అనుకుంటున్నారా? దయచేసి అనుకోకండి. ఉమ్మెత్త విషమని మన సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. గట్టు మీద కనబడితే పెద్దవాళ్ళు చేయి పట్టి పక్కకు లాగుతారు. తెలిసినవాళ్ళే తాగారు. ఎందుకంటే ఆ రోజుల్లో భయం అంత పెద్దది. పనుల్లేవు, బస్సుల్లేవు, ఆస్పత్రికి పోవాలన్నా భయమే. చేతిలో ఫోను మాత్రం ఉంది. అందులో కనబడే మనిషి తడుముకోకుండా చెబుతాడు. పైగా ఉమ్మెత్త ముళ్ళకాయ, టీవీలో పొద్దస్తమానం చూపించే వైరస్ బొమ్మలాగే ఉంటుంది. భయపడిన మనసుకు అంత పోలిక చాలు.

ఆ ఇంట్లో ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే? "ఈ చెప్పేవాడికి ఎట్లా తెలుసు?" అని. అప్పటికి ఏ దేశం దగ్గరా కరోనా రాకుండా ఆపే మందు లేదు. మన దేశంలో టీకాలు మొదలైందే 2021 జనవరి 16న. ఫోనులో మనిషికి అంతకు తొమ్మిది నెలల ముందే ఎట్లా తెలిసింది?

ఏ పేపరు మంచిది, ఏ చానెల్ చెడ్డది అని జాబితా ఇమ్మని చాలామంది అడుగుతారు. నేను ఇవ్వను. మంచి పేపరులోనూ తప్పు వార్త వస్తుంది. పనికిమాలిన గ్రూపులోనూ ఒక్కోసారి నిజం ముందే వస్తుంది. జాబితా ఈ ఏడాదికి పనికొస్తే వచ్చే ఏడాదికి పాతబడుతుంది. "ఎట్లా తెలుసు?" అన్న ప్రశ్న పాతబడదు. దాన్ని వాడడం ఎట్లాగో చూద్దాం.

1. చూసినవాడా, విన్నవాడా, ఊహించినవాడా?

రాత్రి తొమ్మిదిన్నర. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. "గంగవరం దగ్గర ఏనుగుల గుంపు. ఎవరూ బయటికి రావద్దు." కౌండిన్య అడవి పక్కన బతికేవాళ్ళం, ఏనుగుల మాటను తేలిగ్గా తీసుకోలేం. కానీ మీ ఇంట్లో మనిషి రాత్రి కరెంటుకు మోటరు వేయడానికి తోట దగ్గరికి పోవాలి. పోవాలా, మానాలా?

ఆ వీడియోను ఇంకొక్కసారి చూడండి. ఈసారి ఏనుగుల్ని వదిలేసి మిగతావన్నీ చూడండి. దారి పక్కన రాయి మీద అక్షరాలు ఏ భాషవి? పోతున్న బస్సు మన ఆర్టీసీదేనా? రాత్రి వచ్చిన వీడియోలో ఎండ కాస్తోందా? వెనక అరుస్తున్న గొంతుల్లో మన యాస వినబడుతోందా? తర్వాత పంపిన మనిషికి ఫోన్ చేయండి.

"అన్నా, ఆ వీడియో నువ్వే తీసినావా?"

"లేదబ్బా, మా బామ్మర్ది పంపినాడు."

"ఆయన యాడుండాడు ఇప్పుడు?"

"బెంగుళూర్లో."

సంగతి తేలిపోయిందని నిద్రపోకండి. వీడియో పాతదే కావచ్చు, ఏనుగులు మాత్రం నిజంగానే దిగి ఉండవచ్చు. ఇప్పుడు పక్క ఊళ్ళో తోట కాపలాకు పడుకున్న మనిషికి ఫోన్ కొట్టండి. అటవీ శాఖ ట్రాకర్ల నంబరు మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది. లేకుంటే ఈ వారమే సంపాదించి పెట్టుకోండి. కంటితో చూసేవాళ్ళు వాళ్ళే. సంగతి తేలేదాకా తోటకు పోవద్దు, మెసేజ్‌నూ ఇంకొకరికి పంపొద్దు. ప్రాణం మీది మాటయితే జాగ్రత్త ముందు పడాలి, పంపడం ఎప్పుడూ చివరనే.

తేలకముందే పంపితే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మెసేజ్‌లు మన రాష్ట్రంలోనూ, తెలంగాణలోనూ, తమిళనాడులోనూ ఊరూరా తిరిగాయి. పలమనేరు నుంచి ఘాట్ దిగితే వచ్చే గుడియాత్తం దగ్గర, హిందీ మాట్లాడే ఒక మనిషిని జనం అనుమానించి కొట్టి చంపారు. ఆ మెసేజ్ అప్పుడు నాకూ వచ్చింది. నేను ఎవరికీ పంపలేదు. కానీ "ఇది అబద్ధం" అని ఆ గ్రూపులో ఒక్క మాటా రాయలేదు. ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఇప్పుడు మెసేజ్ పైన రెండు బాణాలు కనబడితే, అది చాలా చేతులు మారి మీ దాకా వచ్చిందని అర్థం. ఆ రెండు బాణాలు కనబడగానే వేలు ఆపండి.

2. ఒక్కో సంగతికి ఒక్కో మనిషి

విత్తనాలు కొనే అంగట్లో మీరు మందుబిళ్ళలు కొంటారా? మరి అన్ని రకాల వార్తలూ ఒకే చానెల్ దగ్గర ఎందుకు తీసుకోవాలి?

టమోటా ధరే చూడండి. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా 200 రూపాయల దరిదాపులకు పోయింది. దేశమంతా మదనపల్లె పేరు మార్మోగింది. ఆ వార్త అబద్ధం కాదు. అయినా ఆ వార్త విని పెట్టెలు ఎత్తుకుపోయిన రైతులందరికీ 200 వచ్చిందా? రాలేదు. ఎందుకో తెలుసుకుంటే వార్త చదవడం సగం వచ్చేసినట్టే.

పేపరు వాళ్ళు, టీవీ వాళ్ళు చెప్పేది సాధారణంగా ఆ రోజు పలికిన అన్నిటికంటే పెద్ద ధర. అది ఏ గ్రేడు కాయకు పలికింది? మొదటి రకానికి. ఎన్ని పెట్టెలకు పలికింది? ఒక్కోసారి ఒకటి రెండు లాట్లకే. మీ కాయ రెండో రకమైతే, వాన దెబ్బ తగిలి ఉంటే, ఆ ధర మీది కాదు. కాబట్టి ధర వినగానే నాలుగు అడగండి. ఏ మార్కెట్టు? ఏ తేదీ? ఏ గ్రేడు? పెట్టెలో ఎన్ని కిలోలు? ఈ నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. కోలారులో పెట్టె అంటే 15 కిలోలు. మన వైపు అంతకంటే పెద్ద క్రేట్లతో లెక్క చూసే మండీలున్నాయి. "కోలారులో పెట్టె ఇంత, మదనపల్లెలో పెట్టె ఇంత" అని పక్కపక్కన పెట్టి రాసిన మెసేజ్ చూసి లారీ మళ్ళిస్తే బాడుగ కూడా దక్కకపోవచ్చు.

మరి ఎవర్ని నమ్మాలి? ఆ రోజు పొద్దున పెట్టెలు దింపిన మీ ఊరి రైతు జేబులో ఉన్న మండీ చీటీని. దాని మీద తేదీ, పెట్టెలు, ధర, కమీషను అన్నీ ఉంటాయి. రెండోది, కేంద్ర ప్రభుత్వం నడిపే ధరల వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్. అందులో ఒక్కో మార్కెట్టుకు మూడు ధరలు ఇస్తారు: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. చూడాల్సింది ఈ మోడల్ ధరే. ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర అది. టీవీ గరిష్ఠం చెబుతుంది, మీ చేతికి వచ్చేది మోడల్‌కు అటూ ఇటూ. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లో పిల్లోడో ఉంటే ఐదు నిమిషాల్లో తీసి చూపిస్తారు.

అదే టీవీ, ఢిల్లీలో పార్లమెంటు ఏ బిల్లు ఆమోదించిందో చెప్పినప్పుడు బాగానే చెబుతుంది. టమోటా చీటీ ఉన్న రైతును బిల్లు గురించి అడగం కదా!

3. తీర్పు చెప్పే హక్కు ఎవరిది?

బస్సులో కండక్టరుకు పది రూపాయల బిళ్ళ ఇస్తారు.

"ఇది చెల్లదు సామీ, నోటియ్యి."

"ఎవరు జెప్పినారు చెల్లదని?"

"అందరూ అంటా ఉండారు."

ఈ "అందరూ" ఎవరు? నోటయినా నాణెమయినా చెల్లుతుందో చెల్లదో చెప్పాల్సింది అంగడాయన కాదు, కండక్టరూ కాదు, వాట్సాప్ అసలే కాదు. 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇచ్చింది: పది రూపాయల నాణేలు అప్పటిదాకా 14 డిజైన్లలో వచ్చాయి, అన్నీ చెల్లుతాయి, జనం భయం లేకుండా తీసుకోవచ్చు. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ రెండూ మంచివే. అయినా ఆ పుకారు మన వైపు ఏళ్ళ తరబడి చావలేదు. పాలు పోసే ఆమె దగ్గర, పూలమ్మే ముసలామె దగ్గర డబ్బాల్లో ఆ బిళ్ళలు మూలుగుతూ ఉండిపోయాయి. కష్టపడి సంపాదించిన డబ్బు ఒక గాలిమాట వల్ల డబ్బాలో పడి ఉండడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

ఈ చిట్కా చిన్నది, వెంటనే పని చేస్తుంది. ఏ వార్త విన్నా "దీన్ని తేల్చే హక్కు ఎవరిది?" అనుకోండి. పింఛను, రేషన్ కార్డు అయితే సచివాలయం. పరీక్ష తేదీ అయితే బోర్డు. సెలవు అయితే కలెక్టరు ఉత్తర్వు. ఉచిత రీఛార్జి, ఉచిత ల్యాప్‌టాప్ అని లింకు వస్తే దాన్ని నొక్కొద్దు. నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

4. రెండు పేపర్లు, ఒక కాలువ

కుప్పం బ్రాంచి కాలువ సంగతి మనందరికీ తెలిసిందే. హంద్రీ–నీవా నీళ్ళు పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం పోవాలి. 2024 ఫిబ్రవరి 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రామకుప్పం మండలంలో ఆ కాలువకు నీళ్ళు వదిలారు. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పంలో అదే నీళ్ళకు జలహారతి ఇచ్చారు. మీరు ఏ పేపరు చదివారన్న దాన్నిబట్టి, ఈ రెండింటిలో ఒకటి పండగ, ఇంకొకటి నాటకం.

ఈనాడు 1974లో రామోజీరావు పెట్టిన పేపరు. సాక్షి 2008లో జగన్మోహన్ రెడ్డి పెట్టినది. ఏ పేపరు ఎటు మొగ్గుతుందో మీ ఊరి టీకొట్టు దగ్గర ఎవర్ని అడిగినా చెబుతారు. అది తెలుసుకోవడం తప్పు కాదు, అవసరం. తప్పెక్కడంటే, మనకు నచ్చిన పక్షం పేపరునే చదివి, రెండోదాన్ని ఇంటి గడప తొక్కనివ్వకపోవడం. అలా పదేళ్ళు చదివితే మనకు వార్త అందదు, మన అభిప్రాయమే రోజూ పొద్దున అచ్చయి వస్తుంది.

వారానికి ఒక్కరోజు ఇలా చేసి చూడండి. పంచాయతీ ఆఫీసులోనో, లైబ్రరీలోనో, టీకొట్టులోనో రెండు పేపర్లూ పక్కపక్కన పరచండి. ఒకే వార్త రెండింటిలోనూ చదవండి. పెన్సిలు తీసుకుని రెండూ ఒప్పుకున్న మాటల కింద గీత గీయండి. తేదీ, ఊరు, ఎవరు వచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు. ఇవి చాలావరకు కలుస్తాయి. కలవనివి ఏవి? "భారీగా", "వెలవెల", "జన ప్రభంజనం", "అట్టర్ ఫ్లాప్". గీత పడని మాటలన్నీ ఆ పేపరు అభిప్రాయాలు. కాలువ విషయంలో మనకు ఇంకో వసతి ఉంది. గట్టు మీదికి పోయి చూడవచ్చు. నీళ్ళున్నాయా? ఎన్ని రోజులు పారాయి? మీ చెరువు నిండిందా? కాలువ పక్కన పొలం ఉన్న రైతు ఈ రెండు పేపర్ల కంటే బాగా చెబుతాడు.

ఒక మాట పేపర్ల పక్షాన కూడా చెప్పాలి. ఏ పేపరైనా ఏదో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకులు ఎవరో ఉంటుంది. చట్టం ప్రకారం ఉండి తీరాలి. తప్పు రాస్తే నోటీసు ఇవ్వడానికి ఒక పేరు, ఒక అడ్రసు ఉన్నాయి. "బ్రేకింగ్" అని ఎర్ర అక్షరాలు వేసుకున్న యూట్యూబ్ చానెల్‌ను ఇదే అడగండి. ఇది ఎవరిది? ఆఫీసు ఎక్కడ? తప్పయితే సవరణ వేస్తారా? ఎక్కడా జవాబు లేకుంటే ఆ చానెల్‌ను వదిలేయడంలో మీకు పోయేది ఏమీ లేదు. పేరున్న సంస్థ లోగోతో వచ్చే క్లిప్పింగులనూ అలాగే చూడండి. లోగో అతికించడం ఇప్పుడు పిల్లల పని. ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనో, యాప్‌లోనో ఆ వార్త ఉందా అని వెతికితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. హైదరాబాదు నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటివి ఇలాంటి క్లిప్పింగుల్ని తెలుగులో పరీక్షించి రాస్తుంటాయి.

5. చెప్పేవాడు అమ్మేవాడా?

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూసింది. మన ఆవుకు ఆ గౌరవం దక్కినందుకు ఎవరికి సంతోషం ఉండదు? కానీ ఆ తర్వాత వీడియోలు చూశారా? "అసలు పుంగనూరు", "లక్షల్లో ధర", "ఇంట్లో పెట్టుకుంటే అదృష్టం". ఇలాంటి వీడియోలో చెప్పేవాడు చాలాసార్లు అమ్మేవాడే. పొట్టిగా ఉన్న ప్రతి దూడా పుంగనూరు దూడ కాదు.

అమ్మేవాడు చెప్పిందంతా అబద్ధమని నేననడం లేదు. అతని మాటను వార్తగా తీసుకోవద్దు, బేరంగా తీసుకోండి. పలమనేరులోనే పశు పరిశోధన కేంద్రం ఉంది. పుంగనూరు జాతిని కాపాడుతూ వస్తున్నది వాళ్ళు. మన ఊళ్ళకు ఎంత దూరం? లక్ష రూపాయలు పెట్టే ముందు ఒక పూట పోయి అడిగి రండి.

6. సగం నిజాన్ని పట్టడం ఎట్లా?

పూర్తి అబద్ధం త్వరగానే దొరికిపోతుంది. నిజం భుజమెక్కి వచ్చే అబద్ధాన్ని పట్టడం కష్టం. మదనపల్లె వాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి, బిసెంట్ థియోసాఫికల్ (బీటీ) కాలేజీలో ఉండి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ఆ కాలేజీ ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాశారు. ఇది నిజం, మనకు గర్వకారణం. ప్రతి ఆగస్టు 15కు ఇంకో మాట తిరుగుతుంది: 'జనగణమన'ను ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించిందని. యునెస్కో అలాంటి ప్రకటన ఎన్నడూ చేయలేదు. ఈ రెండూ ఒకే మెసేజ్‌లో వస్తే? మొదటిది నిజమని తెలిసిన మనిషి రెండోదాన్నీ నమ్ముతాడు. గర్వం కలిగించే వార్తను మనం భయపెట్టే వార్త అంత జాగ్రత్తగా చూడం.

మెసేజ్‌ను ముక్కలు చేయండి. ఒక్కో వాక్యాన్నీ విడిగా పెట్టి "ఇది ఎట్లా తెలుసు?" అనండి.

ఇంట్లో పెద్దవాళ్ళు పంపితే?

ఇది అన్నిటికంటే కష్టమైన పని. మామయ్య ఫ్యామిలీ గ్రూపులో ఏదో పెట్టారు. అబద్ధమని మీకు తెలుసు. చాలామంది చేసే తప్పు, అందరి ముందూ "ఇది ఫేక్" అని లింకు పెట్టడం. ఆయన చిన్నబుచ్చుకుంటారు, మాట నెగ్గించుకోవడానికి ఇంకో పది పంపుతారు. విడిగా ఫోన్ చేయండి. "మామా, ఆరోగ్యం బాగుందా? మీరు పెట్టిన ఆ మందు సంగతి చూసినాను. మన డాక్టరును అడిగితే వద్దన్నాడు. మీరే గ్రూపులో ఒక మాట చెప్తే అందరూ వింటారు." ఆయన పరువు ఆయన చేతిలోనే పెట్టండి. నాకు తెలిసి ఇది పదిసార్లలో ఆరేడు సార్లు పని చేస్తుంది.

తెలంగాణలో గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్నప్పుడు రెమా రాజేశ్వరి 2018లో చేసిన పని ఇలాంటిదే. పుకార్లు నమ్మొద్దని కాగితాలు పంచి ఊరుకోలేదు. పోలీసుల్ని పల్లెలకు పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, జనం మధ్య కూర్చోబెట్టి మాట్లాడించారు. పుకారు నమ్మిన మనిషిని దొంగలా చూస్తే వినడు. పక్కన కూర్చుంటే వింటాడు.

ఏదీ నమ్మకపోవడం కూడా తప్పే

ఇంత చదివాక "అయితే అన్నీ అబద్ధాలే" అనిపిస్తే నేను సరిగా చెప్పలేదన్నమాట. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర అన్నమయ్య డ్యాము కట్ట తెగి, కింది ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వారమే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట పడితే అధికారులు కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ చెరువు తెగలేదు. "చూశారా, ఊరికే భయపెట్టారు" అన్నవాళ్ళున్నారు. అలా అనొద్దు. కట్ట మీద నిలబడి ఊటను కళ్ళతో చూసినవాళ్ళు చెప్పిన మాట అది. చూసినవాడు, తేల్చే బాధ్యత ఉన్నవాడు, తప్పయితే జవాబు చెప్పాల్సినవాడు, ముగ్గురూ ఒక్కరే అయినప్పుడు ఆ మాట విని మూట సర్దుకోవాలి.

నెల రోజుల పని

టమోటా లెక్కలు రాసుకునే నోటు పుస్తకం చివరి పేజీ తీయండి. రోజుకు ఒక్క వార్త రాయండి. ఏం విన్నారు, ఎవరు చెప్పారు, ఆయనకు ఎట్లా తెలుసు. వారం ఆగి పక్కన గుర్తు పెట్టండి. నిజమైతే టిక్కు, కాకుంటే ఇంటూ, తేలకపోతే సున్న. నెలకు ముప్పై వరుసలు. ఏ గ్రూపులోంచి బయటికి రావాలో, ఏ పేపరుకు చందా కట్టాలో, ఏ మనిషికి ఫోన్ చేసి అడగాలో ఆ పేజీయే మీకు చూపిస్తుంది.

గుర్తులు పెట్టే పని ఇంట్లో బడికి పోయే పిల్లకు అప్పజెప్పండి. రెండో వారానికి మీరు అన్నం దగ్గర ఏదో వార్త మొదలుపెట్టగానే ఆ పిల్ల ముద్ద ఆపి అడుగుతుంది: "నాయనా, ఇది నీకు ఎవరు జెప్పినారు?"